మిషను మామ్మ పేజీ

ఆ బడిలో సైన్స్ చెప్పే ఆవిడా, వ్యాకరణం చెప్పే ఆవిడా తోడికోడళ్ళు. పెద్దావిడది సైన్స్, కాపురం కింది వాటాలో; చిన్నావిడది వ్యాకరణం, కాపురం మేడ మీద. ఇద్దరూ ఒకే బస్సెక్కి బడికొస్తారు, ఒకే స్టాఫ్ రూములో టీ తాగుతారు. ఆరేళ్ళుగా మాట్లాడుకోరు.

ఇంట్లో ఏదైనా చెప్పుకోక తప్పని విషయం వస్తే అన్నదమ్ములిద్దరూ మెట్ల మీద కలుసుకుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేవారు. "మోటారు ఆపి చావొచ్చు కదా, నీళ్ళు పొంగిపోతున్నాయి" అన్న మాట మెట్ల మీదకొచ్చేసరికి "మోటారు సంగతి ఒకసారి చూడమంటోంది మీ వదిన" అయ్యేది. ముళ్ళు ఏరేసి మాటలు అందించడంలో ఇద్దరికీ బాగా చెయ్యి తిరిగింది. బడిలో అన్నదమ్ములు ఉండరు కాబట్టి అక్కడ అసలు మాటలే లేవు. తప్పనిసరైతే "సైన్స్ టీచరు గారు", "వ్యాకరణం టీచరు గారు". అంతకు మించి ఒక్క ముక్క ఉండేది కాదు.

గొడవ అత్తగారి చావు దగ్గర వచ్చింది. ఆవిడకి ఆయాసం ముదిరినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలని పెద్ద కోడలు, ఇంట్లోనే ఉంచాలని చిన్న కోడలు పట్టుబట్టారు. చివరికి పెద్దావిడే బండి పిలిపించి తీసుకెళ్ళింది. అత్తగారు ఆస్పత్రిలోనే పోయింది. ఇంటికి తిరిగొచ్చాక చిన్నావిడ, "నువ్వు తీసుకెళ్ళకపోతే మన మధ్యన ప్రశాంతంగా పోయేది" అంది. పెద్దావిడ, "నువ్వు అడ్డం పడకపోతే ముందే తీసుకెళ్ళేదాన్ని, బతికేది" అంది. ఈ రెండు మాటల తర్వాత అనడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

అలాంటి రోజుల్లో పెద్ద మేడమ్, అంటే బడికి హెడ్‌మిస్ట్రెస్, ఏదో శిక్షణకి వెళ్ళి వికీ నేర్చుకుని వచ్చింది.

"వికీ అంటే కంప్యూటర్లో ఉండే పుస్తకం" అని స్టాఫ్ మీటింగులో చెప్పింది. "ఎవరైనా రాయొచ్చు. ఎవరు రాసిందాన్నయినా ఎవరైనా దిద్దొచ్చు. ఎవరు ఏది మార్చారో అందరికీ కనిపిస్తుంది."

"అయితే మార్కులు ఎవరికి వెయ్యాలి?" అని సైన్స్ టీచరు అడిగింది.

"అందరికీ."

"తప్పులకి?"

"అవీ అందరివే" అంది పెద్ద మేడమ్, ఎంతో సంతోషంగా.

రెండు వికీలు మొదలయ్యాయి. ఒకటి టీచర్లకి. ఎవరి పాఠం ఎలా చెబుతున్నారో రాసుకుని, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. మొదటి వారం ముగిసేసరికి టీచర్లందరూ తమ తమ పేజీల్లో "ఈ పేజీ తయారవుతోంది" అని రాసి ఊరుకున్నారు. డ్రిల్లు మాస్టారు మాత్రం "పరుగు ఆరోగ్యానికి మంచిది" అని ఒక వాక్యం రాశాడు. ఎవరో దాని పక్కన "నడక కూడా" అని చేర్చారు. ఆయన నొచ్చుకుని మళ్ళీ ఆ వికీ మొహం చూడలేదు.

రెండోది పిల్లలకి. ఎనిమిదో తరగతి పిల్లలు తమ వీధి గురించి రాయాలి. వీధిలో ఎవరెవరు ఏ పని చేస్తారు, ముందు ఏముండేది, ఇప్పుడు ఏముంది. నిజానిజాలు సైన్స్ టీచరు చూడాలి, భాష వ్యాకరణం టీచరు చూడాలి. ఈ జంటని పెద్ద మేడమ్ కావాలనే కలిపిందా, తెలియక కలిపిందా అని స్టాఫ్ రూములో కొన్నాళ్ళు చర్చ జరిగింది. ఆవిడ కొత్తగా బదిలీ మీద వచ్చింది కాబట్టి తెలియకే అని తేల్చారు.

నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు సైన్స్ టీచరుకి బాగానే కుదిరింది. మనిషి మొహం చూడక్కర్లేదు. పిల్లలు "రొట్టెల దుకాణం పొగగొట్టం చాలా ఎత్తు" అని రాస్తే ఆవిడ "ఎంత ఎత్తు? కొలిచారా?" అని రాసేది. మర్నాటికి పిల్లలు కొలిచేవాళ్ళు. ఆ పైన చిన్నావిడ వచ్చి, "చాలా" అన్న మాట పేజీలో పద్నాలుగు చోట్ల ఉందని గుర్తుచేసి పదమూడు కొట్టేసేది. మార్పు చేసిన ప్రతిసారీ కారణం రాయడానికి కింద ఒక చిన్న గడి ఉండేది. ఇద్దరూ కారణాలు క్లుప్తంగా రాసేవారు. పేజీలు రోజురోజుకీ నిగ్గు తేలుతున్నాయి. ఇన్నేళ్ళుగా పిల్లల పుస్తకాలు ఇంటికి మోసుకెళ్ళి ఎర్ర సిరాతో దిద్దితే రాని ఫలితం ఇలా ఎలా వస్తోందో ఆవిడకి అంతు పట్టలేదు. టీచర్ల వికీలో తన పేజీ తెరిచి ఆ సంగతి రాద్దామనుకుంది. తోడికోడలు చదువుతుందని మానేసింది.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఏది చెప్పినా "ఎలా తెలుసు?" అని అడ్డు ప్రశ్న వేసేది కాబట్టి అందరూ లాయరు అనేవారు. ఆ పిల్లా, ఆమె జట్టూ కలిసి ఒక రోజు కొత్త పేజీ తెరిచారు. పేజీ పేరు "మిషను మామ్మ". ఆరోజు కంప్యూటర్ల గదిలో పిల్లల వెనక నిలబడి ఉన్న సైన్స్ టీచరు ఆ పేరు చూసి కళ్ళజోడు సవరించుకుంది. మిషను మామ్మ అంటే ఆవిడ అత్తగారే.

పేజీ బాగుంది. మామ్మ వీధి గుమ్మం పక్కన కిటికీ కింద మిషను వేసుకుని వీధి పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టేదని రాశారు. పిల్లలు పొడుగవుతారని అంచు మడత లోపల గుడ్డ ఎక్కువ వదిలేదనీ, కాజాలు మిషను మీద కాకుండా చేత్తోనే కుట్టేదనీ, తెగిన గుండీ కుట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదనీ రాశారు. ఆఖర్న ఇలా ఉంది: "చివరి రోజుల్లో మామ్మ ఇంట్లోనే ఉంటానన్నారు. కానీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడే చనిపోయారు."

"ఇంట్లో ఉంటానన్నారని మీకెవరు చెప్పారు?" అని సైన్స్ టీచరు అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"వ్యాకరణం టీచరు గారు. మేం అడిగి రాసుకున్నాం" అంది లాయరు.

సైన్స్ టీచరు పక్క కంప్యూటరు ముందు కూర్చుని ఆ వాక్యం తీసేసింది. కారణం గడిలో "ఆధారం లేదు" అని రాసింది.

మధ్యాహ్నానికి వాక్యం తిరిగొచ్చింది. కారణం: "ఆధారం నేనే."

సైన్స్ టీచరు ఈసారి వాక్యం తియ్యలేదు. దాని కింద "ఆస్పత్రికి తీసుకెళ్ళమని మామ్మే స్వయంగా కోరారు" అని కలిపింది. అది మర్నాడు మాయమైంది. కారణం: "అసత్యం." ఆవిడ దాన్ని తిరిగి పెట్టింది. కారణం: "సత్యం." అది మళ్ళీ పోయింది. కారణం: "'స్వయంగా' అనవసరం. మిగతాది అసత్యం."

ఇంటర్వెల్లో పిల్లలు కంప్యూటర్ల గది కిటికీల దగ్గర మూగడం మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇంత శ్రద్ధగా ఒక పేజీ చదవడం అంతకు ముందెప్పుడూ లేదు. కొందరు తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా వచ్చారు. చివరికి కంప్యూటరు మాస్టారు పేజీకి తాళం వేశాడు. కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. స్టాఫ్ రూములోకి వచ్చి ఇద్దరికీ సమాన దూరంలో నిలబడి, గోడ మీది గడియారంతో మాట్లాడుతున్నట్టుగా చెప్పాడు.

"పేజీ ఎవరూ మార్చలేరండి ఇప్పుడు. ప్రతి పేజీకి వెనక ఒక చర్చ పేజీ ఉంటుంది. అభిప్రాయభేదాలుంటే అక్కడ రాసుకోవాలండి. ఒప్పందం కుదిరాక తాళం తీస్తాను."

ఇద్దరి బదులూ గడియారమే కొట్టింది.

చర్చ పేజీలో ముందు చిన్నావిడే రాసింది. "సైన్స్ టీచరు గారికి మనవి. మామ్మ గారు ఇంట్లోనే ఉంటానని నాతో స్పష్టంగా చెప్పారు. ఆవిడ మంచం దగ్గర కూర్చుని జుట్టు దువ్వుతుండగా చెప్పారు. 'నన్నెక్కడికీ పంపించకే' అన్నారు. తమకు ఈ విషయం తెలియకపోవచ్చు."

సైన్స్ టీచరు జవాబు: "వ్యాకరణం టీచరు గారికి. మామ్మ గారు నాతో 'ఇక్కడ ఊపిరాడ్డం లేదు, ఆస్పత్రికి తీసుకుపో' అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర అన్నారు. తమరు అప్పుడు బడిలో ఉన్నారు."

"ఆ మాట ఆరేళ్ళ క్రితం ఎందుకు చెప్పలేదు?"

"అడిగితే చెప్పేదాన్ని."

"అడిగేలా ఉంచావా అక్కా నువ్వు?"

సైన్స్ టీచరు ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చుంది. మనవి, తమరు, గారు అన్నీ పోయి 'నువ్వు' వచ్చింది. చివరిసారి ఆ 'అక్కా' విన్నది ఆస్పత్రికి బండి కదులుతున్నప్పుడు, గేటు పట్టుకుని నిలబడ్డ మనిషి నోటి నుంచి. ఆవిడ చూస్తుండగానే ఆ వాక్యం కింద కంప్యూటరు మాస్టారి గమనిక పడింది: "చర్చ విషయానికి పరిమితం కావాలని మనవి."

ఇంటికెళ్ళాక మొగుడు అన్నం తింటూ, "మీ ఇద్దరూ ఏదో రాసుకుంటున్నారట కదా. తమ్ముడు చెప్పాడు" అన్నాడు.

"మేం రాసుకోవడం లేదు. పేజీకి రాస్తున్నాం."

"అమ్మ నీతో నిజంగా అలా అందా?"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అంటే నేను ఆరేళ్ళుగా అబద్ధం మోస్తున్నాననా?"

"అది కాదు. నాతో ఏం అనలేదు, అందుకని అడిగాను" అని ఆయన తల దించుకుని మజ్జిగ పోసుకున్నాడు.

లాయరు మాత్రం ఊరుకోలేదు. తన పేజీకి తాళం పడడం ఆ పిల్లకి అవమానంగా తోచింది. ఇద్దరు టీచర్ల మాటా పొసగడం లేదు కాబట్టి మామ్మ గురించి ఇంకా తెలిసినవాళ్ళని కనుక్కోవాలని జట్టుని వెంటేసుకుని వీధంతా తిరిగింది. రొట్టెల దుకాణం అతన్నీ, మందుల షాపావిడనీ, చెప్పులు కుట్టే తాతనీ, పోస్టుమన్‌నీ పట్టుకుంది. మర్నాడు లంచ్ గంట కాగానే సైన్స్ టీచరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, మా వీధిలో అందరూ అబద్ధాలు చెబుతున్నారు."

"అందరూనా?"

"బడి తెరిచే ముందు మామ్మ దగ్గర బట్టలు గుట్టలు పడేవట. రొట్టెల దుకాణం ఆయనేమో 'మామ్మకి నేనంటే ప్రత్యేకం, మా పిల్లలవే ముందు కుట్టేది, నాతో చెప్పింది కూడా' అన్నాడు. మందుల షాపావిడ దగ్గరికెళ్తే, కాదు మావే ముందు అంది. తాత కూడా అదే మాట. పోస్టుమన్‌కైతే పిల్లలే లేరు. ఆయన చొక్కా కోసం అందరి యూనిఫారాలూ పక్కన పెట్టేస్తానందట. ఇంతమందివీ ముందే ఎలా కుడుతుంది? ఒకరే నిజం చెప్పుండాలి కదా."

సైన్స్ టీచరు లంచ్ బాక్సు మూత తీసి అలాగే పట్టుకుంది.

"ల్యాబులో ఒకే వస్తువుని ఇద్దరు కొలిచారనుకో" అంది. "ఇద్దరూ జాగ్రత్తగానే కొలిచారు. అయినా లెక్కలు వేరుగా వచ్చాయి. అప్పుడేమనుకోవాలి?"

"ఒకరి స్కేలు తప్పు."

"స్కేళ్ళు సరిగ్గానే ఉన్నాయి."

లాయరు ఆలోచించింది. "అయితే వస్తువే మారుతుండాలి. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా."

"ఊఁ."

"అంటే మామ్మ ఎవరికి కావలసింది వాళ్ళకి చెప్పేదా టీచర్?"

సైన్స్ టీచరు తీసిన మూత మళ్ళీ బాక్సుకి పెట్టేసింది. ఇంకా తినడమే మొదలుపెట్టలేదు. జుట్టు దువ్వుతున్న చిన్న కోడలు అత్తగారిని ఎక్కడికీ వదల్లేని మనిషి. తన నోటి నుంచి చిన్న కోడలికి ఏ మాట వినాలని ఉందో మంచం మీద ఉన్న ముసలావిడకి తెలుసు. వంటింటి గుమ్మం దగ్గర, బండి పిలవాలా వద్దా అని చేతులు పిసుక్కుంటూ నిలబడ్డ పెద్ద కోడలికి ఎవరో ఒకరు 'పిలువు' అంటే చాలు. అదీ తెలుసు. అందరి కొలతలూ నోటికొచ్చిన మనిషి.

"ఇప్పుడు పేజీలో ఏం రాయాలి?" అంది లాయరు. ఆ పిల్లకి జాలీ గీలీ లేవు. జవాబు కావాలి.

"విన్నది విన్నట్టు రాయండి. ఎవరితో ఏమందో, రెండూ. వీధిలో వాళ్ళు చెప్పింది కూడా."

లాయరు జట్టు చర్చ పేజీలో వీధి సాక్ష్యాలన్నీ పెట్టింది, ఎవరి పేరుకి ఎదురుగా వాళ్ళ మాట. కింద "కాబట్టి ఇద్దరు టీచర్లూ నిజమే చెబుతున్నారని మా జట్టు అభిప్రాయం. తాళం తియ్యగలరు" అని రాసింది. రెండు రోజులు చిన్నావిడ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు "అభ్యంతరం లేదు" అని రెండు మాటలు వచ్చాయి. తాళం తీశారు. పిల్లలు రెండు వాక్యాలూ రాసేశారు. వాటి కింద సైన్స్ టీచరు ఒక వాక్యం కలిపింది. దాంట్లో చిన్నావిడ వచ్చి ఒక ఒత్తు సరిచేసింది. కారణం గడి ఖాళీగా వదిలేసింది.

ఇది జరిగిన వారానికి పై ఆఫీసు నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. వికీ ద్వారా టీచర్లు ఏం నేర్చుకున్నారో చూసి, ఇంకా ఏం నేర్చుకోవచ్చో చెప్పడం ఆయన పని. టీచర్ల వికీ తెరిచాడు. "ఈ పేజీ తయారవుతోంది" అన్న పేజీలు వరసగా చూశాడు. పరుగు గురించి, నడక గురించి చదివాడు. తర్వాత పిల్లల వికీ తెరిచి, దేన్ని ఎక్కువసార్లు మార్చారో చూశాడు. ఆయన మొహం వెలిగింది.

"ఇది, ఇది వికీ అంటే" అంటూ మిషను మామ్మ చర్చ పేజీని గోడ మీది తెర నిండా పెద్దదిగా వేశాడు.

స్టాఫ్ అంతా తెర వంక కాకుండా బల్లల వంక చూశారు. డ్రిల్లు మాస్టారు ఈల తీసి పరిశీలించడం మొదలుపెట్టాడు. శిక్షకుడు మాత్రం మొదటి మనవి నుంచి గొంతెత్తి చదువుతూ, ఒక్కో మాట దగ్గరా ఆగి వివరించాడు.

"చూడండి, మొదటి సంపాదకురాలు సందర్భం ఇస్తున్నారు. జుట్టు దువ్వుతుండగా. రెండో ఆవిడ చోటు చెబుతున్నారు. వంటింటి గుమ్మం. ఎంత నిగ్రహం. ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయమే లేదని తెలుస్తూనే ఉంది. పరిచయం ఉంటే ఇంత నిష్పక్షపాతంగా రాయలేరు."

ఎవరో దగ్గారు. పెద్ద మేడమ్‌కి ఈలోగా ఎవరో సంగతి చెప్పినట్టున్నారు, ఆవిడ నీళ్ళు తాగుతోంది. 'అడిగేలా ఉంచావా అక్కా నువ్వు' దగ్గర శిక్షకుడు ఒక్క క్షణం తడబడి, "ఇక్కడ కొంచెం ఆత్మీయత చోటు చేసుకుంది. అదీ మంచిదే" అని ముందుకెళ్ళాడు. ఆఖరికి అసలు పేజీ తెరిచి చదివాడు.

"మామ్మ ఇంట్లోనే ఉంటానని చిన్న కోడలితో అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళమని పెద్ద కోడలితో అన్నారు. ఎవరికి ఏ మాట ధైర్యాన్నిస్తుందో మామ్మకి తెలుసు." ఆయన ఆగాడు. "మొదటి రెండూ బాగున్నాయి. ఈ చివరి వాక్యం మాత్రం ఒకరి అభిప్రాయం. దీనికి ఆధారం లేదు. తీసెయ్యాలి."

గదిలో వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. చిన్నావిడ లేచి నిలబడింది.

"ఆధారం ఉందండి" అంది.

"ఏమిటది?"

"మేమే. చిన్న కోడల్ని నేను. పెద్ద కోడలు అదిగో, కిటికీ పక్కన కూర్చుంది. ఆ వాక్యం ఉంటుంది."

శిక్షకుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తన కాగితాలు చూసుకున్నాడు. వాటిలో దీనికి సంబంధించింది ఏమీ ఉన్నట్టు లేదు. "టీ విరామం తీసుకుందాం" అన్నాడు.

అందరూ అవసరమైన దానికంటే వేగంగా బయటికి నడిచారు. తెర మీద పేజీ అలాగే ఉంది. సైన్స్ టీచరు కిటికీ పక్క నుంచి లేవలేదు. చిన్నావిడ వచ్చి, ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"ఎక్కడికీ పంపించకే అందా నీతో?" అని పెద్దావిడ తెర వైపు చూస్తూనే అడిగింది.

"అంది. నీతో తీసుకుపో అందా?"

"చెయ్యి పట్టుకుని మరీ అంది."

బయట టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను" అంది చిన్నావిడ. "తీసుకెళ్ళినదానికి సాకు వెతుక్కుంటున్నావని."

"నేనూ అంతే. నా మీద నింద వెయ్యడానికి అల్లావనుకున్నాను."

"నీతో ఇంకేం చెప్పేది?"

పెద్దావిడ సందేహించింది. ఆరేళ్ళుగా కాదు, అంతకు ముందు నుంచీ దాచుకున్న మాట అది. "చెబితే నొచ్చుకుంటావ్."

"ఇంకా నొచ్చుకోవడానికేముంది, చెప్పు."

"కోడళ్ళిద్దరిలో నువ్వే నయమే అనేది నాతో. చిన్నదానికి మాట దూకుడు, నీకు ఓర్పుంది అనేది."

చిన్నావిడ మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపు తన చేతులు చూసుకుంది.

"నాతో కూడా నువ్వే నయమే అనేది" అంది. "పెద్దదానికి అన్నీ కొలిచి చూడడమే తప్ప మనసు లేదు, నీకుంది అనేది."

ముందు పెద్దావిడే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో చిన్నావిడకి వెంటనే తెలియలేదు. తెలిశాక ఆవిడ కూడా మొదలుపెట్టింది. టీ పట్టుకుని తలుపు దాకా వచ్చిన కంప్యూటరు మాస్టారు లోపలికి చూసి, గ్లాసులు రెండూ గుమ్మం దగ్గరి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"మనసు లేదందా నాకు?" అని పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"అంది. కానీ దూకుడు అని నన్నూ అంది కదా, సరిపోయింది."

"ఏం సరిపోయింది? దూకుడుకీ మనసు లేకపోవడానికీ పోలికేంటి?"

"మొదలుపెట్టావా? అదే, అన్నీ కొలుస్తావనే అంది."

విరామం తర్వాత వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోలేదు. ఎవరి చోట్లో వాళ్ళే కూర్చున్నారు. శిక్షకుడు మిగతా కార్యక్రమమంతా రొట్టెల దుకాణం పొగగొట్టం పేజీతో నడిపించాడు. కొలతలు సరిపోయాయి.

ఆ తర్వాత తోడికోడళ్ళు మళ్ళీ పోట్లాడుకోలేదని చెప్పలేం. ఆ నెలలోనే ఒకసారి మేడ మీద ఆరేసిన దుప్పట్ల గురించి మెట్ల మీదే మాటామాటా అనుకున్నారు. కింద ఒకరు, పైన ఒకరు నిలబడి నేరుగానే అనుకున్నారు. అన్నదమ్ములిద్దరూ గేటు దగ్గర నిలబడి విన్నారు. ఎవరి మాటలోనూ ముళ్ళు ఏరలేదు. ఇద్దరి గొంతూ బాగానే వినిపించింది.